టవరుకు తప్పు అంటదు

సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోవడానికి టవరు కారణమనే మూఢనమ్మకం నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా దేవరకొండ దాటి చందంపేట వైపు వెళ్లిన కొద్దీ, ఇంకా బలంగానే ఉంది. దాన్ని రూపుమాపడానికి కంపెనీల కస్టమర్ కేర్ సిబ్బంది పడుతున్న శ్రమకు తగిన గుర్తింపు దక్కలేదన్నదే నా బాధ.

సిగ్నల్ లేదని ఫిర్యాదు చేయాలంటే ఫోన్ చేయాలి, ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి. తొందరపాటు మనుషులు దీన్ని లోపమంటారు గానీ, నిజానికి ఇది వడపోత. ఊరి పక్కన గుట్టెక్కి, రెండు గీతలు కనిపించేదాకా ఫోన్ పైకెత్తి పట్టుకొని, భాషకో అంకె, సమస్యకో అంకె నొక్కి, తన కాల్ కంపెనీకి ఎంత ముఖ్యమో పాట మధ్యలో పదేపదే విన్నవాడికే గోడు చెప్పుకునే అర్హత వస్తుంది. అంత దూరం వచ్చినవాణ్ని కస్టమర్ కేర్ వారు అడిగే మొదటి ప్రశ్న: "ఇప్పుడు మీకు సిగ్నల్ ఉందా సర్?" ఉందనక తప్పదు. సమస్య సగం అక్కడే తీరిపోతుంది.

మిగతా సగానికి వైద్యం ఉంది. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీయాలి, ఆ తర్వాత సిమ్ము బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టాలి. గుట్ట మీది గాలికి గోరంత సిమ్ము బండల సందులో పడితే అది వినియోగదారుడి నిర్లక్ష్యమే. చివరి మందు నెట్‌వర్క్ రీసెట్. దాంతో సిగ్నల్ వచ్చినా రాకున్నా, ఫోన్‌లో దాచుకున్న వైఫై పాస్‌వర్డులు మాత్రం తప్పకుండా పోతాయి.

ఇంతలో కిరాణా దుకాణం అరుగు మీద కూర్చున్న పెద్దాయన తేల్చేస్తాడు: "కరెంటు పోయింది బిడ్డా. టవర్ల బ్యాటరీ ఆగుతలేదు, సిగ్నల్ యాడికెళ్లి వస్తది?" కరెంటు లేనప్పుడు టవరు బ్యాటరీల మీద, అవీ అయిపోతే డీజిల్ జనరేటర్ మీద నడవాలన్నది నిజమే. అయితే ఆయన మాటకు ఫిర్యాదు నంబరు లేదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేము. పైగా మన ఫిర్యాదు చేరేది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు. 2014లో రాష్ట్రం వేరైనా, కంపెనీలకు లైసెన్సులిచ్చే లెక్కలో టెలికాం సర్కిల్ వేరు కాలేదు.

ప్రభుత్వమూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల్లో పెట్టింది. ఒక్క తండాలో ఫోన్లు మోగకపోతే జిల్లా ఆగినట్టు కాదు గనుక, తండావాసులు తక్కిన జిల్లా కూడా తమ స్థితికి వచ్చేదాకా ఓపిక పట్టడం ధర్మం.

ఓపిక లేనివారికి అప్పీలు ఉంది. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. వినే అథారిటీని నియమించేది కూడా ఆ కంపెనీయే కాబట్టి, కంపెనీ సంగతి ఆ అథారిటీకి కొత్తగా వివరించాల్సిన పని ఉండదు. మన దగ్గర ఎక్కువమంది వేయించుకునే రీచార్జి గడువు 28 రోజులు. అందువల్ల అప్పీలు ఏమైందో కనుక్కోవాలనుకున్నవారు, అదే టవరుకు ముందుగా ఇంకోసారి డబ్బు కట్టి రావాలి.