చిలికితే మాయమవుతుందా, వెన్న పడుతుందా?

ఓడల నుంచి సముద్రంలో ఒలికే పెట్రోలియం నూనె గురించి పొద్దున్నుంచి మూడు గ్రూపుల్లో ఇదే మెసేజ్. ఇందాక చెన్నై నుంచి మా పెదనాన్నగారు కూడా పంపారు, కింద దండం బొమ్మ పెట్టి.

"సముద్రంలో ఎంత నూనె ఒలికినా కంగారు వద్దు. అలలు కవ్వంలా చిలికి మూడు రోజుల్లో మాయం చేస్తాయి. 1993లో స్కాట్లాండ్ దగ్గర 85 వేల టన్నులు ఒలికితే సముద్రమే కడిగేసుకుంది. మిగిలింది బ్యాక్టీరియా తినేస్తుంది. క్లీనింగ్ అంతా కాంట్రాక్టర్ల నాటకం. పైన తెట్టు కనబడకపోతే చేపలు నిశ్చింతగా తినొచ్చు."

ఇది రాసినాయన ఇంట్లో మజ్జిగ చిలకడం ఎప్పుడూ చూసినట్టు లేదు. చిలికితే వెన్న పడుతుంది స్వామీ! ఫర్నేస్ ఆయిల్ లాంటి చిక్కటి నూనెను అలలు చిలికితే నీళ్లు దాని లోపలికి దూరి ముద్ద కడుతుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే ఉండొచ్చు. అంటే తోడాల్సింది తగ్గకపోగా నాలుగింతలవుతుంది. 2017 జనవరిలో చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు జనం ఒడ్డున రాళ్ల మధ్య నిలబడి ఆ నల్లటి ముద్దను బకెట్లతో ఎత్తిపోశారు. ఆ వారం అలలు సెలవు పెట్టాయి కాబోలు.

బ్యాక్టీరియా తింటుంది, నిజమే. గాలి ఆడనిచోట దానికీ ఆకలి ఉండదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ఒలికించిన నూనె, ఇరవై ఏళ్ల తర్వాత కూడా గులకరాళ్ల కింద తవ్వితే బయటపడింది.

కాంట్రాక్టర్ల మాట పూర్తిగా కొట్టిపారేయను. అదే అలాస్కాలో ఒడ్డును వేడినీళ్లతో కడిగితే, నూనెను తట్టుకుని బతికిన ప్రాణులు కూడా ఆ వేడికి చచ్చాయి. ఒక్కోసారి చేతులు కట్టుకుని కూర్చోవడమే నయం.

స్కాట్లాండ్ కథ కూడా నిజమే, సగం వరకు. షెట్లాండ్ దీవుల దగ్గర రాళ్లకెక్కిన బ్రేయర్ ట్యాంకర్‌లో ఉన్నది పలచటి నార్వే క్రూడ్, అంటే ముడిచమురు. పైగా రోజుల తరబడి భీకరమైన తుపాను. విరిగిపడే అలలు ఆ నూనెను సన్నటి బిందువులుగా కొట్టేశాయి. పెద్ద బిందువులైతే మళ్లీ పైకి తేలతాయి. వెంట్రుక మందం కన్నా చిన్నవి నీళ్లలోనే ఉండిపోతాయి. ఉండిపోతాయి అన్నాను, పోతాయి అనలేదు.

ఇక ఆ చేపల ముక్క. నాకు ఒళ్లు మండింది దీనికే. తెట్టు కనబడలేదంటే నూనె నీళ్లలో కలిసి, చేప మొప్పల దాకా వచ్చి ఉండొచ్చు అని అర్థం. బ్రేయర్ నూనెలో సుమారు మూడో వంతు బురద రేణువులకు అంటుకుని అడుగుకు దిగింది. అక్కడి పెంపకపు సాల్మన్ చేపల అమ్మకం ఆపేశారు. అడుగు బురదలో ఉండే ఒక రకం రొయ్యల మీద నిషేధం 2000 దాకా సాగింది. మెసేజ్‌లో మూడు రోజులు, అక్కడ ఏడేళ్లు!

ఆదివారం వస్తే పెదనాన్నగారు అక్కడి కాసిమేడు చేపల రేవుకు వెళ్లి చేపలు తేకుండా ఉండరు. ఆయన దండం బొమ్మ కిందే ఇదంతా టైప్ చేసి పెట్టాను.