పాట పంచిన చేత్తోనే పన్నా?

1930 ఏప్రిల్ 1న మద్రాసు కార్పొరేషన్ సొంతంగా రేడియో మొదలుపెట్టింది. ఔత్సాహికులు నడిపిన రేడియో క్లబ్ డబ్బుల్లేక మూతపడితే, దాని ట్రాన్స్‌మిటర్ తీసుకుని రోజూ సాయంత్రం పాటలు వినిపించింది. రేడియో కొనలేనివాళ్ల కోసం మెరీనాలో లౌడ్‌స్పీకర్లు పెట్టింది. ఇసుకలో కూర్చున్న జాలరికీ, ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తాకీ ఒకటే కచేరీ. టికెట్ లేదు. 1938లో ఆలిండియా రేడియో వచ్చేదాకా ఆ ఖర్చు నగరమే భరించింది.

ఇప్పుడు అదే నగరంలో, నేటి చెన్నైలో, కచేరీ టికెట్ మీద 10 శాతం వినోదపన్ను. 2025 జనవరిలో సవరించిన తమిళనాడు చట్టం ఆ వసూలును స్థానిక సంస్థల చేతిలో పెట్టింది. స్టేడియంలో కోట్ల వ్యాపారం చేసే షోలు నగరానికి కొంత కట్టాలన్న మాటలో తప్పులేదు. కానీ పన్ను తీసుకునే చెయ్యే కనిపిస్తోంది, ఇచ్చే చెయ్యేది?

సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనున్న విక్టోరియా హాలునే చూడండి. నామమాత్రపు అద్దెకు స్థలమిచ్చింది నగరపాలక సంస్థ. కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చింది మన విజయనగరం ఆనందగజపతి మహారాజు. బళ్లారి నుంచి వచ్చిన ధర్మవరం కృష్ణమాచార్యుల సమాజం 1891లో మద్రాసులో వేసిన తెలుగు నాటకాలు చూసిన ప్రేరణతోనే పమ్మల్ సంబంధ ముదలియార్ సుగుణ విలాస సభ అనే తమిళ నాటక సమాజం పెట్టారు. ఆ సభ నాటకాలాడిన ఈ హాల్లో ఆధునిక తమిళ నాటకం అలా ఊపందుకుంది. అలాంటి హాలు దశాబ్దాలు పాడుబడింది. దాని మరమ్మతుకు కార్పొరేషన్ రూ.32 కోట్లకు పైగా కేటాయించింది. సంతోషమే. గోడలకు సున్నం వేశారు సరే, లోపల ఆడేవాళ్ల సంగతేమిటి?

ఈ నగరంలో ఒక తెలుగు సమాజం పద్యనాటకం వేయాలంటే హాలు అద్దె, మైకు, లైట్లు, అద్దె కిరీటాలు, హార్మోనిస్టుకు నెల్లూరు నుంచి రానుపోను చార్జీలు. కార్యదర్శి స్మరణిక పట్టుకుని షాపు షాపు తిరిగి ప్రకటనలు అడుక్కుంటాడు. చివరి అంకం ముగిసేసరికి చేతి డబ్బే పడుతుంది. సుందరీకరణ బోర్డులకు ఉన్న నిధి వీళ్లకెందుకు లేదు? వాళ్ల టికెట్టునూ సినిమా స్టార్ షో టికెట్టునూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో మున్సిపాలిటీల పనుల జాబితా ఉంది. మురుగు, దీపాలు, శ్మశానాల సరసనే సాంస్కృతిక వికాసం కూడా రాసి ఉంది. పన్ను వేయడానికి చట్టం తిరగేసినవాళ్లకు ఈ పేజీ కనిపించలేదా? కుడిచేత్తో హాలు బాగుచేసి ఎడమచేత్తో టికెట్టు లాక్కుంటే అది కళాపోషణ కాదు, వసూళ్ల దందా. ఈ అలవాటు ఇక్కడ కుదిరితే రేపు ప్రతి పట్టణమూ ఇదే దారి పడుతుంది.

చిన్న సభలకు, నాటక సమాజాలకు పన్ను తీసేయాలి. మిగతా వసూలు కార్పొరేషన్ హాళ్ల అద్దె తగ్గించడానికే వాడాలి, లెక్క బయటపెట్టాలి. 2016 నుంచి 2022 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, అడిగే దిక్కు లేదని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు మేయరున్నారు, 200 మంది కౌన్సిలర్లున్నారు. ఓట్లప్పుడు డప్పు కళాకారులను ముందు నడిపించుకుని ఊరేగింది మీరే కదా, వాళ్ల తరఫున ఒక్కరైనా లేచి మాట్లాడరేం?