కస్టమర్లు కాస్త ఆగాలి

వెబ్‌సైట్లు పాడవడానికి కారణం ప్రోగ్రామర్లేనని లోకమంతా నమ్ముతోంది. 14 ఏళ్లుగా మాదాపూర్‌లో ఇదే పని చేస్తున్నాను కాబట్టి అసలు దోషులెవరో చెప్పే ధైర్యం చేస్తున్నాను. కస్టమర్లు. మనం సైటు బాగుచేస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోరు. కొంటారు, క్యాన్సిల్ చేస్తారు, అడ్రస్ మారుస్తారు, అర్ధరాత్రి లేచి పాస్‌వర్డ్ మర్చిపోతారు.

మా పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు. జనం వాడుతున్న లైవ్ సైటును ఉన్నదున్నట్టు ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటాం. రెండు మూడు వారాలు ప్రశాంతంగా మార్పులు చేసుకుంటాం. క్లయింటు "బాగుందండీ, ఎక్కించేయండి" అనగానే ఫైళ్లూ, పేజీలూ ఆర్డర్లూ దాచుకునే డేటాబేసూ మొత్తం తీసుకెళ్లి లైవ్ మీద పరిచేస్తాం. ఆ మూడు వారాల్లో మా ల్యాప్‌టాప్‌లో ఒక్క ఆర్డరైనా పోయిందా? లేదు.

మే నెలలో నారాయణగూడలో పచ్చళ్లు అమ్మే ఒక ఆంటీ సైటుకు ఇదే సేవ చేశాను. ఏప్రిల్ 28న కాపీ దించాను, 19 రోజుల తర్వాత శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఎక్కించాను. శుక్రవారమే ఎందుకంటే, మర్నాడు నాకు సెలవు. తొమ్మిదింటికి ఫోన్.

"బాబూ, డల్లాస్ అమ్మాయి ఐదు కిలోల మాగాయ చెప్పింది కదా, ఎక్కడా కనబడట్లేదు."

డల్లాస్ అమ్మాయే కాదు, ఆ 19 రోజుల్లో ఆర్డరిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సైటు లెక్కలో ఆ రోజు ఇంకా ఏప్రిల్ 28. కాయలు చెట్టు మీదే ఉన్నాయి. వాళ్లు కట్టిన డబ్బులు మాత్రం బ్యాంకులో భద్రం, అవి నా ల్యాప్‌టాప్‌కు అందలేదు కాబట్టి. బ్యాకప్ తీశావా అని అడుగుతారేమో. తీశాను. కొత్తది ఎక్కించాక తీశాను.

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నారు. "కోడ్ పైకి పోవాలి, డేటా కిందికి రావాలి, ఎదురెక్కించకూడదు" అంటారు. పైన అంటే లైవ్ సైటు, కింద అంటే మా ల్యాప్‌టాపులు. వినడానికి బాగానే ఉంటుంది. ఆంటీ సైటును నడిపే వర్డ్‌ప్రెస్‌లో ఏది కోడో, ఏది డేటానో ఆయన్నే విడదీసి చూపించమనండి. మెనూ, బ్యానర్, పేజీలు, కామెంట్లు అన్నీ ఒకే డేటాబేసులో ఉంటాయి. దాని మీద దుకాణం నడిపే వూకామర్స్‌లో ఆర్డర్లయితే చాలాకాలం వ్యాసాలుండే పట్టికలోనే కాపురమున్నాయి. 'మా గురించి' పేజీ పక్కనే డల్లాస్ మాగాయ. 2023 అక్టోబరు నుంచి కొత్త షాపుల్లో ఆర్డర్లకు వేరు కాపురం పెట్టించారుగానీ ఆంటీ సైటు అంతకన్నా పాతది, ఉమ్మడి కుటుంబం. పైగా ఆ పట్టికలో పేజీకైనా ఆర్డరుకైనా ఒకే వరుసలో నంబర్లు. నేను నా దగ్గర ఆఫర్ల పేజీ తయారుచేస్తే దానికి 4312 నంబరొచ్చింది. అదే సమయంలో లైవ్‌లో ఆ నంబరు ఎవరో గోంగూర కొనేసి తీసేసుకున్నారు. తప్పెవరిది?

పోనీ బ్యానర్ సెట్టింగులొక్కటే విడిగా పంపుదామా అంటే అదొక తంతు. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ కొన్ని సెట్టింగుల్ని పక్కన అక్షరాల లెక్క రాసి మరీ దాస్తుంది. నా ల్యాప్‌టాప్ చిరునామాకు 16 అక్షరాలు. దాన్ని తీసి అసలు సైటు చిరునామా పెట్టి లెక్క మార్చకపోతే, ఆధార్‌లో పేరుకు ఒక అక్షరం తేడా వచ్చిందని పెన్షన్ ఆపినట్టు మొత్తం సెట్టింగునే చెల్లదంటుంది. లెక్క కూడా సరిచేసే పనిముట్లు ఉన్నాయి. వాడొచ్చు. వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన ద్రూపల్ వాళ్లయితే 2015లోనే సెట్టింగుల్ని ఫైళ్లుగా బయటికి తీసి, కోడ్‌తో పాటు పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఇవన్నీ తెలిసి కూడా చెయ్యకపోవడమే అనుభవం.

నన్ను చూసి నవ్వేవాళ్లు, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీని గుర్తుచేసుకోవాలి. 2017 జనవరి 31న అక్కడొక ఇంజినీరు ఇంకో సర్వరనుకుని అసలు డేటాబేసునే చెరిపాడు. 300 జీబీలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్ ఏర్పాట్లేవీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు స్టేజింగ్ కోసం, అంటే మార్పుల్ని పరీక్షించే సైటు కోసం తీసిన కాపీయే చివరికి ఆదుకుంది, మధ్యలో ఆరు గంటల డేటా పోయింది. ఆరు గంటలకే అంత గోల. మాది 19 రోజులు.

అదే 2017లో మియాపూర్–నాగోల్ మెట్రో మొదలైంది. కింద బస్సులూ ఆటోలూ నడుస్తుండగానే ఏళ్ల తరబడి పైన స్తంభాలు లేపారు. ఎంత చాదస్తం! మాకిచ్చి ఉంటే ఊరవతల ఖాళీ స్థలంలో ఇంకో అమీర్‌పేట కట్టి, హాయిగా స్టేషను పెట్టుకుని, ఒక శుక్రవారం దాన్ని తెచ్చి అసలు అమీర్‌పేట మీద పరిచేవాళ్లం. మధ్యలో వచ్చిన హాస్టళ్లూ టీ కొట్లూ జనమూ ఏమైపోయారంటే, మా కాపీలో అవి లేవండీ.

సీనియర్ మందు కూడా చెప్పారు. ఫైళ్లు మాత్రం పంపు, డేటాబేసులో మార్చాల్సింది స్క్రిప్టుగా, అంటే వరుస ఆదేశాలుగా రాసుకో, తాజా కాపీ మీద ఒకసారి నడిపి చూడు, రద్దీ లేని తెల్లవారుజామున నాలుగింటికి లైవ్‌లో నడుపు అని. నాలుగింటికి ఇక్కడ నిద్రపోతారు నిజమే. డల్లాస్‌లో అప్పుడు సాయంత్రం ఐదున్నర, ఆఫీసు నుంచి ఇల్లు చేరి ఆవకాయ గుర్తొచ్చే వేళ. అందుకే సీజన్‌లో మూడు వారాలు సైటు మూసేద్దామని ఆంటీకి ప్రతిపాదించాను. ఆవిడ జవాబు ఇక్కడ రాయను.

శనివారం పొద్దున నారాయణగూడ వెళ్లాను. ఆంటీ మసాలా మరకలున్న ఒక లాంగ్ నోట్‌బుక్ తీశారు. సైటు మీద నమ్మకం లేక మొదటి రోజు నుంచీ ప్రతి ఆర్డరూ అందులో రాసుకుంటున్నారట. ఆవిడ చదువుతుంటే నేను టైప్ చేయడం మొదలుపెట్టాను. పదకొండో పేరు దగ్గర ఆవిడ ఫోన్ టింగుమంది. కొత్త ఆర్డర్.

"కాసేపు ఆగమనండి ఆంటీ," అన్నాను.