మాస్టర్ ప్లాన్‌లోని ఊదా రంగుకు ఒక ఉత్తరం

శ్రీయుత ఊదా రంగు గారికి,

మహబూబ్‌నగర్ నుంచి ఒక జిరాక్స్ దుకాణం వాడు రాసుకునే ఉత్తరం. "గారు" అని ఎందుకంటున్నానంటే, మా జిల్లాలో మైకు పట్టుకున్న ఏ నాయకుడూ మీ ఊసెత్తకుండా స్టేజీ దిగడు. పేరు పెట్టి పిలవరు గానీ "పరిశ్రమలు తెస్తం, మన పిల్లలకు మన దగ్గర్నే కొలువులు" అన్నప్పుడల్లా ఆ మాట మీ గురించే. మాస్టర్ ప్లాన్ అంటే ఊళ్లో ఏ భూమి దేనికో రంగులతో గీసే మ్యాపు కదా, అందులో పసుపు ఉన్నచోట ఇండ్లు, నీలం ఉన్నచోట వ్యాపారం, పచ్చ ఉన్నచోట పార్కులు, పొలాలు, మీరున్నచోట ఫ్యాక్టరీలు. ఊరికి బతుకుదెరువు చూపించే పనంతా మీ ఒక్కరి నెత్తిన పెట్టి ప్లాను గీసినవాళ్లు చేతులు దులుపుకున్నారు, పాపం.

అయితే స్టేజీ మీద మీకున్న గౌరవం కింద లేదండీ. డ్రాఫ్టు మ్యాపు ఏదైనా వాట్సాప్‌లో తిరుగుతోందంటే చాలు, నాకు గిరాకీ మొదలవుతుంది. అందరూ ఏ3 సైజులో కలర్ ప్రింటు అడుగుతారు. మొన్నొకాయన మాత్రం పైసలు కలిసొస్తాయని బ్లాక్ అండ్ వైట్ తియ్యమన్నాడు. మిషన్‌లోంచి కాగితం వచ్చింది, చూస్తే పసుపంతా తెల్లగా కడిగినట్టు పోయింది, మీరొక్కరే నల్లటి మరకల్లా మిగిలారు. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ మరకల మీద ఇంటూలు కొట్టి, పక్కనున్న వాడితో "ఈ సర్వే నంబర్ల జోలికి పోకు, పైసలు ఇరుక్కుంటయి" అన్నాడు. అభివృద్ధి మీద ఇంటూ కొట్టడం కళ్లారా చూశాను, ఛార్జి పది రూపాయలు.

రైతుకు మాత్రం మీరంటే ప్రేమా? 2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తమ పొలాల మీద ఇండస్ట్రియల్ జోన్ గీశారని రైతులు రోడ్డెక్కితే చివరికి ఆ డ్రాఫ్టునే రద్దు చేస్తూ తీర్మానం చెయ్యాల్సి వచ్చింది. వాళ్లను తప్పుపట్టలేం. పక్క పొలం పసుపైతే గజాల లెక్కన అమ్ముడుపోతుంది, మీరు వాలిన పొలం ఎకరాల లెక్కలోనే ఉండిపోతుంది, పైగా ఏ రోజు ఎవరొచ్చి సేకరిస్తారో అని టెన్షన్. కాబట్టి అందరూ కోరుకునేది ఫ్యాక్టరీలే, కాకపోతే పక్కోడి పొలంలో.

అందుకే మా దగ్గర బాగా పండే పంట ప్లాట్లు. ఇటు జడ్చర్ల రోడ్డు చూడండి, అటు భూత్పూర్ రోడ్డు చూడండి, రాళ్లు పాతిన చేలు, పైన రంగు జెండాలు, ముందు ఒక ఆర్చి. 2020లో అనుమతి లేని ప్లాట్లను ఫీజు కట్టించుకుని సక్రమం చేస్తామని ఎల్ఆర్ఎస్ పేరుతో పిలిస్తే రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి, అంటే అనుమతి లేని వెంచర్లు ఏ లెక్కన పండాయో చూడండి. ఆ ప్లాటు కొన్నవాడు ఇల్లు కట్టుకుని ఏం పని చేసుకుని బతకాలనేది పసుపు రంగు సిలబస్‌లో లేదు.

మీరు నిజంగా వచ్చిన చోట్ల సంగతీ మాట్లాడుకుందాం, లేకపోతే ఏకపక్షం అంటారు. జడ్చర్ల పక్కన పోలేపల్లిలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం దాదాపు వెయ్యి ఎకరాలు తీసుకుని ఇరవై ఏండ్లు దాటింది. మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి, అబద్ధం కాదు. భూములు పోయినవాళ్లు పరిహారం కోసం, కొలువుల కోసం ఏండ్ల తరబడి కొట్లాడిందీ అబద్ధం కాదు. 2023 మేలో దివిటిపల్లిలో ఐటీ టవర్ తెరిచారు, అదే రోజు పక్కనే లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన కూడా అయింది, 9,500 కోట్లని చెప్పారు. 2025లో ఆ దివిటిపల్లిని కలుపుకుని మేము కార్పొరేషన్ కూడా అయ్యాం. సంతోషమే. నేను చూసేది మాత్రం ఇది: ఫ్యాక్టరీ పని కోసం ఆధార్ జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చే పిల్లల్లో హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది, బిహార్ నుంచో ఒడిశా నుంచో వస్తారు. మా పిల్లలేమో అదే ఆధార్ జిరాక్స్ పట్టుకుని పుణె బస్సెక్కుతారు. వలసలు మునుపంత లేవంటారు, సరే, కాల్వ నీళ్లు వచ్చాక కొంత తగ్గాయి. అయినా దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా వినిపించిన "పాలమూరు లేబర్" (పాలమూరంటే మా మహబూబ్‌నగరే) అనే పేరు ఇంకా చెరిగిపోలేదు కదా.

ఇంకో విషయం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకు 18 పనులు రాసిపెట్టారు. అందులో మూడోది "ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక". రోడ్లకంటే ముందు, నీళ్లకంటే ముందు! 1993 నుంచి అది అమల్లో ఉందని మా గల్లీలో చెప్తే నవ్వుతారు, ఎందుకంటే మాకు తెలిసిన ప్రణాళిక రెండో పనితోనే ఆగిపోతుంది, అంటే ఎవడు ఎన్ని అంతస్తులు కట్టొచ్చు అనే దగ్గర.

మా దుకాణం వెనక ఒక వెల్డింగ్ షాపు ఉంది. నలుగురు కుర్రాళ్లు, ఒక మేస్త్రీ, ఒక కటింగ్ మిషన్. ఊరు చుట్టూ లేస్తున్న వెంచర్ల గేట్లు, ఆర్చిల మీద "స్వాగతం" అక్షరాలు సగం వాళ్లే చేస్తారు. ఆ షాపున్నది పసుపులో కాబట్టి చప్పుడవుతోందని ఎవరో ఫిర్యాదు పెట్టడం, వీళ్లు రెండు రోజులు షట్టరు సగం దించి పని చెయ్యడం మామూలే. ఊదాలోకి పొమ్మంటే అక్కడ ఎకరాల్లో ఇస్తారు, మేస్త్రీకి కావాల్సింది వంద గజాలు. పిండిగిర్నీ, టైలర్లు, బ్యాటరీలు బాగుచేసే వాడు, మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న అక్క, వీళ్లలో ఒక్కరికీ మ్యాపులో రంగు లేదు. తోపుడు బండ్లకు 2014లో చట్టమే వచ్చింది, సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపొద్దని. ఆ అక్కకు 2020లో, బండ్లవాళ్లకు అప్పులిచ్చే కేంద్ర పథకం స్వనిధి కింద పదివేల అప్పు కూడా వచ్చింది. పెద్ద నాయకుడెవరైనా వస్తున్నారంటే మాత్రం బండి సందులోకి నెట్టుకోవాల్సిందే, అప్పు కిస్తీ ఆ రోజు కూడా నడుస్తుంది.

కాబట్టి నా మనవి. మీరు ఒకేచోట ముద్దగా కూర్చోకండి, కొంచెం చిలకరించుకోండి. మా వార్డులో ఒక రెండెకరాల్లో చిన్న షెడ్లు, త్రీఫేజ్ కరెంటు, కిరాయికి. లేబర్ అడ్డా మీద ఒక రేకుల షెడ్డు, ఒక నల్లా, ఆడవాళ్లకు బాత్రూము. బ్యాటరీల ఫ్యాక్టరీలో ఏ పని నేర్చుకుంటే తీసుకుంటారో మా ఐటీఐ పిల్లలకు ముందే చెప్పే మనిషొకడు. దీనికి తొమ్మిదివేల కోట్లు అక్కర్లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరేమో అని నాకు అనుమానం.

ఇదంతా డ్రాఫ్టు ప్లాను మీద జనాన్ని అడిగే అభ్యంతరాలు, సూచనల కింద ఇద్దామని ఫారం తెచ్చుకున్నాను, జిరాక్స్ తీసింది నేనే కదా. మొదటి కాలమ్ సర్వే నంబరు, రెండోది విస్తీర్ణం, మూడోది పట్టాదారు పేరు. నా దుకాణం కిరాయిది, మేస్త్రీది కిరాయిది, బజ్జీల అక్కది రోడ్డు. ఆ మూడు కాలమ్‌లలో ఏం రాయమంటారో కాస్త చెప్పండి, గడువు దగ్గర పడుతోంది.

ఇట్లు,
ఏ3 కలర్, బ్లాక్ అండ్ వైట్, లామినేషన్ చేయబడును