టీ ఎంచుకునే ముందు నాలుగు పార్ త్రీల అంకెలు చూడండి

గోల్ఫ్‌లో ఏ టీ నుంచి (హోల్‌లో మొదటి షాట్ కొట్టేందుకు వేర్వేరు దూరాల్లో రంగు గుర్తులు పాతి ఉంచే చోటే టీ) ఆడాలన్న ప్రశ్నకు మన హైదరాబాద్‌లో సాధారణంగా వినిపించే సమాధానం కోర్సు మొత్తం పొడవు. "తెల్ల టీ నుంచి ఆరు వేల చిల్లర గజాలు, మనకు సరిపోతుంది" అని ఒకరంటారు, మిగతా ముగ్గురూ తలూపి బంతి పెట్టేస్తారు. చాలా కోర్సుల్లో ఈ లెక్కతో పని జరిగిపోతుంది. పార్ త్రీలు, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోళ్లు, మరీ పొడవుగా ఉన్న కోర్సులో మాత్రం ఇది ఆటగాణ్ణి నిలువునా ముంచుతుంది. అటువంటి చోట మొత్తం పొడవును కాసేపు పక్కన పెట్టి, స్కోరు కార్డులోని నాలుగు పార్ త్రీల అంకెలను బట్టే టీ నిర్ణయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

పార్ ఫోర్ గానీ పార్ ఫైవ్ గానీ మన శక్తికి మించి ఉంటే ఆ లోటును తర్వాతి షాట్లకు పంచుకోవచ్చు. 420 గజాల పార్ ఫోర్‌ను రెండు షాట్లలో అందుకోలేనివాడు మూడో షాట్‌గా అరవై గజాల పిచ్ వేసి, పుట్ పడితే పార్ చేసుకుంటాడు, పడకపోతే బోగీతో, అంటే పార్ కన్నా ఒకటి ఎక్కువతో, సరిపెట్టుకుంటాడు. ఎటు చూసినా దూరానికి కొట్టే డ్రైవర్, ఫెయిర్‌వే వుడ్, దగ్గరి షాట్లకు వాడే వెడ్జ్ మూడింటినీ వాడే అవకాశం అతడికి దక్కింది. పార్ త్రీలో ఆ వెసులుబాటు లేదు. ఇంత దూరాన్ని, ఈ గాలిలో, సరైన క్లబ్ ఎంచుకుని కొట్టి బంతిని గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆపగలవా అన్నదే అక్కడ పరీక్ష. మన సంచిలో ఏ ఐరన్‌కూ (మధ్య దూరాలకు వాడే క్లబ్) ఆ దూరం అందనప్పుడు ఆ పరీక్ష మనకు పెట్టనట్టే లెక్క.

నేను తరచుగా ఆడే కోర్సులలో ఒకదాని కార్డును, పేరు చెప్పకుండా, ముందు పెడతాను. తెల్ల టీ నుంచి మొత్తం 6,150 గజాలు. నాలుగు పార్ త్రీలు వరుసగా 208, 196, 221, 178. దాని ముందున్న టీ నుంచి మొత్తం 5,600 గజాలు, పార్ త్రీలు 172, 160, 181, 142. సగటున ఫైవ్ ఐరన్‌తో 170 గజాలు కొట్టే ఆటగాణ్ణి ఊహించుకోండి. ఆదివారం గోల్ఫర్లలో అతడు మెరుగైనవాడే. ఫైవ్ ఐరన్ దూరాన్ని 36తో గుణిస్తే తగిన కోర్సు పొడవు వస్తుందని గోల్ఫర్లలో బాగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. దాని ప్రకారం ఇతడికి 6,120 గజాలు, అంటే కళ్లు మూసుకుని తెల్ల టీ. అమెరికాలో గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, వృత్తి గోల్ఫర్ల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కలిసి 2011లో 'టీ ఇట్ ఫార్వర్డ్' పేరుతో ప్రచారంలోకి తెచ్చిన పట్టిక చూసినా, డ్రైవర్ 225 గజాలు పోయేవారికి 5,800 నుంచి 6,000, 250 గజాలు పోయేవారికి 6,200 నుంచి 6,400 అని ఉంటుంది కాబట్టి, డ్రైవర్ ఈ రెంటి మధ్య పోయే ఇతడు మళ్లీ తెల్ల టీ దగ్గరే తేలతాడు. రెండు సూత్రాలూ ఏకగ్రీవంగా పంపిన ఆ టీ నుంచి నాలుగు పార్ త్రీలూ అతడి ఫైవ్ ఐరన్‌కు అందవు. నాలుగింటిలో ఒక్కటీ అందదు!

ఇదే నిష్పత్తిని వృత్తి ఆటగాళ్లకు వర్తింపజేసి చూడండి. అమెరికా టూర్‌లో ఫైవ్ ఐరన్ సగటున గాలిలోనే 195 గజాల పైచిలుకు పోతుంది. ఆ కొలతకు మార్చితే మన కార్డులోని నాలుగు పార్ త్రీలు వారికి సుమారు 240, 225, 255, 205 గజాలవుతాయి. ఒకే కోర్సులో ఆ నాలుగూ పెట్టి టోర్నమెంట్ నడిపితే మొదటి రోజు సాయంత్రానికే ఆటగాళ్లు మైకుల ముందు నిర్వాహకులను ఉతికి ఆరేస్తారు. మనం మాత్రం ప్రతి ఆదివారం డబ్బు కట్టి, కిమ్మనకుండా ఆ శిక్ష అనుభవిస్తున్నాం.

మొత్తం పొడవు ఎందుకు మోసం చేస్తుందో కోర్సు రేటింగ్ (ఒక టీ నుంచి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) లెక్కలోనే కనబడుతుంది. పురుషుల విషయంలో పార్‌కు ఆడే స్క్రాచ్ ఆటగాడికి కోర్సు పొడవును 220తో, హోల్‌కు సుమారు ఒకటి ఎక్కువ రాసుకునే బోగీ ఆటగాడికి 160తో భాగించి, దానికొక స్థిరాంకం కలిపి పొడవు రేటింగ్ తీస్తారు. ఆ భాగహారానికి గజం ఏ హోల్‌లో ఉందన్న విచారం లేదు. పార్ ఫైవ్ మధ్యలోని గజమూ పార్ త్రీలోని గజమూ అక్కడ సమానమే. గ్రీన్ ఎంత కష్టమైన లక్ష్యమో చూసి ఆ తర్వాత కొంత సవరిస్తారు కానీ, తుది అంకె పద్దెనిమిది హోళ్లకూ కలిపి ఒక్కటే కాబట్టి, కార్డు మీద దాన్ని చదివేవాడికి ఈ తేడా కనిపించదు. మరో సంగతి. అదే రేటింగ్ విధానం పురుష బోగీ ఆటగాణ్ణి టీ నుంచి 200 గజాలు కొట్టేవాడిగా, 370 గజాల హోల్‌ను రెండు షాట్లలో చేరగలిగేవాడిగా నిర్వచిస్తుంది. అంటే 208, 221 గజాల పార్ త్రీలు అతడు తన శక్తినంతా పెట్టి డ్రైవర్ కొట్టినా చేరలేనివని ఆ విధానమే ఒప్పుకుంటోంది. మరోవైపు పురుషులకు 260 గజాల వరకూ ఒక హోల్‌ను పార్ త్రీగా ప్రకటించవచ్చు. నియమం అనుమతించింది కదా అని కమిటీలు గీత దాకా వెళ్లనక్కరలేదు.

ఆ 221 గజాల హోల్ సంగతి చూద్దాం. టీ పక్కన నిలువెత్తు గ్రానైట్ బండ, ముందు కుంట, గ్రీన్‌కు ఎడమ వైపు లోతైన బంకర్. మాతో ఆడే ఒక పెద్దాయన, చేతిలో వెడ్జ్ ఉంటే మా అందరికన్నా నేర్పరి, అక్కడికి రాగానే డ్రైవర్ తొడుగు తీస్తారు. కేడీ కుర్రాడు సంచి దించకుండానే, "సార్, ఈడికెల్లి గట్టిగ కొట్టినా ఆడ ఆగది సార్, కుడి దిక్కు పెట్టుండ్రి" అంటాడు. పెద్దాయన వినరు, వినాల్సిన అవసరం ఆయనకు కనబడదు, ఎందుకంటే కార్డు మీద పార్ త్రీ అని రాసి ఉంది, పార్ త్రీ అంటే గ్రీన్ మీదికే కొట్టాలి. బంతి కుంట దాటి, గ్రీన్ ముందున్న ఎగువలో పడి, ఎడమకు తిరిగి బంకర్‌లోకి జారుతుంది. బంకర్‌లో బంతి పల్లానికి కూర్చుని ఉంటుంది. ఇసుకలోంచి గ్రీన్ దాటి అవతలికి, అక్కడి నుంచి తిరిగి ఇవతలికి, చివరికి ఆరు. ఈలోగా వెనక టీ దగ్గర మరో రెండు బృందాలు సిమెంటు బెంచీ మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటాయి. ఆదివారం రౌండు ఐదు గంటలు దాటుతోందని కమిటీకి ఫిర్యాదులు రాసేవారు ఒకసారి ఆ బెంచీ దగ్గరికి వచ్చి నిలబడితే చాలు, ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలిసిపోతుంది.

పొడవైన పార్ త్రీ అంటేనే చెడ్డదని నేననను. 2025 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ చివరి రోజున ఓక్‌మాంట్ కోర్సు ఎనిమిదో హోల్‌ను 301 గజాలకు పెట్టారు. ఎడమ పక్కన 'సహారా' అని పిలిచే విశాలమైన బంకర్ ఉన్నా, గ్రీన్ పెద్దది, ముందు భాగం తెరిచి ఉంటుంది, బంతి నేల మీద దొర్లుకుంటూ లోపలికి పోగలదు. మన కోర్సుల్లో పొడవుకు తోడు గ్రీన్ ముందు నీళ్లో బండో అడ్డు పెట్టినప్పుడే సమస్య. వుడ్‌తో లేదా డ్రైవర్‌తో కొట్టిన బంతి చదునుగా వచ్చి పడుతుంది, ఎత్తు నుంచి దిగే ఐరన్ షాట్‌లా ఆగదు. కాబట్టి దూరం చేరినా గ్రీన్ మీద నిలవదు. టీ ఎంచుకునేటప్పుడు కార్డు మీది అంకెతో పాటు, గాలిలోనే దాటి తీరవలసిన దూరం ఎంతో కేడీని అడగాలి. ఇక ప్రపంచం గుర్తుపెట్టుకున్న పార్ త్రీలు చూస్తే, స్కాట్లాండ్‌లోని రాయల్ ట్రూన్ కోర్సు ఎనిమిదోది 123 గజాలు, అమెరికాలోని అగస్టా పన్నెండోది 155, సాగ్రాస్ పదిహేడోది 137. వీటికి పేరు తెచ్చింది పొడవు కాదు. 2023 యూఎస్ ఓపెన్‌లో లాస్ ఏంజెలెస్ కంట్రీ క్లబ్ పదిహేనో హోల్‌ను ఒక రోజు 81 గజాలకు కుదించారు, అది ఆటను ఎవరూ చులకన చేసినట్టు కాలేదు.

మన ఊరి వాతావరణం ఈ లెక్కను మరింత బిగిస్తుంది. గోల్కొండ నయా ఖిల్లా ప్రాకారాల మధ్య ఆడేవారైనా, గచ్చిబౌలి బండల నడుమ ఆడేవారైనా, సికింద్రాబాద్ సైనిక కోర్సులో ఆడేవారైనా ఏప్రిల్‌లోనూ ఆగస్టులోనూ ఒకే ఆట ఆడరు. ఎండాకాలంలో నేల గట్టిపడి బంతి పదిహేను ఇరవై గజాలు అదనంగా దొర్లుతుంది. జూన్ దాటాక పడమటి గాలి ఎదురు వీస్తుంది, నేల మెత్తబడి బంతి పడినచోటే కూరుకుంటుంది. వేసవిలో ఎలాగోలా చేరిన 196 గజాల హోల్ వానాకాలంలో మరో రెండు క్లబ్బుల దూరం అడుగుతుంది. జనవరిలో తెల్ల టీ సరిపోయిందని జులైలోనూ అక్కడే నిలబడటం పట్టుదల అనిపించుకోవచ్చు కానీ, దాని వల్ల ఆట మెరుగుపడదు.

ఈ అన్యాయం మహిళలకు ఇంకా ఎక్కువగా తగులుతోంది, దాని గురించి మన పురుషులెవరూ మాట్లాడరు. రేటింగ్ విధానంలో మహిళా బోగీ ఆటగత్తె టీ షాట్ 150 గజాలు. ఎర్ర టీ నుంచి 160, 165 గజాల పార్ త్రీలున్న కోర్సులో ఆమెకు ఏ పార్ త్రీ కూడా నిజంగా పార్ త్రీ కాదు. ఆమె ముందు ఇంకో టీ కూడా లేదు. ఎర్ర టీయే ఆఖరిదని ఎవరు నిర్ణయించారో గానీ, దానికీ ముందు 120 గజాల దగ్గర గడ్డి కత్తిరించి రెండు గుర్తులు పాతితే ఖర్చు నామమాత్రం. ఆ టీని తెచ్చి 'ఆడవాళ్ల టీ' అని పేరు పెట్టవద్దు. ఒకే టీకి పురుషులకూ మహిళలకూ విడివిడిగా రేటింగ్ ఇవ్వవచ్చు, డెబ్బై దాటిన మగవారు కూడా అక్కడి నుంచి హాయిగా ఆడుకోవచ్చు.

ఈ మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే అభ్యంతరం పరువు గురించి కాదు, పందెం గురించి. "ముందు టీకి వెళితే నా స్ట్రోకులు పోతాయన్నా" అంటారు. పోతాయి, నిజమే. కోర్స్ హ్యాండీక్యాప్ (ఒక టీ నుంచి మనకు దక్కే రాయితీ స్ట్రోకులు) అంటే హ్యాండీక్యాప్ ఇండెక్స్‌ను (ఆటగాడి సత్తా కొలత) స్లోప్‌తో (బోగీ ఆటగాడికి ఆ టీ ఎంత అదనపు కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించి, రేటింగుకూ పార్‌కూ ఉన్న తేడాను కలపడం. ఊహకు తెల్ల టీ రేటింగ్ 70.2, స్లోప్ 126, ముందు టీ రేటింగ్ 67.6, స్లోప్ 118, పార్ 72 అనుకుంటే, ఇండెక్స్ 18 ఉన్నవాడికి వెనక 18 స్ట్రోకులు, ముందు 14 దక్కుతాయి. నాలుగు తగ్గాయి. అయితే నాలుగు పార్ త్రీలలో ఒక్కోదాంట్లో ఐదో ఆరో రాసుకునే మనిషి అదే నాలుగు చోట్ల ఐరన్లతో గ్రీన్ మీద నిలిచి మూడో నాలుగో రాసుకుంటే, ఆ నాలుగూ అక్కడే తిరిగి వస్తాయి. రెండు టీల నుంచి ఇద్దరు మిత్రులు ఒకే పందెం ఆడుకోవడానికి కూడా ఈ లెక్కే దారి చూపిస్తుంది. అందరూ ఒకే టీ నుంచి ఆడితేనే న్యాయమన్న మాటకు ఇక ఆధారం లేదు.

నేను పాటించే కొలత ఇది. నాలుగు పార్ త్రీలలో వుడ్ అవసరమయ్యేది ఒకటికి మించకూడదు, కనీసం ఒకటైనా ఎనిమిదో ఐరన్‌కో అంతకన్నా తక్కువ దూరం పోయే క్లబ్‌కో అందాలి. ఈ రెండూ కుదిరిన టీ నాది, దాని రంగు ఏదైనా, మొత్తం పొడవు ఎంతైనా. పార్ ఫోర్‌లు అక్కడి నుంచి కాస్త చిన్నవైపోతాయని బాధపడేవారికి ఇంతకన్నా మంచి పరిష్కారం ఒకటుంది, అది కమిటీల చేతిలో ఉంది: పార్ ఫోర్, పార్ ఫైవ్‌లు తెల్ల టీ నుంచి, పార్ త్రీలు ముందు టీ నుంచి ఆడేలా ఒక మిశ్రమ టీ ప్రకటించడం. పై కార్డులో అలా చేస్తే మొత్తం పొడవు 6,150 నుంచి 6,002కు, కేవలం 148 గజాలు తగ్గుతుంది, ఆట మాత్రం పూర్తిగా మారిపోతుంది. దానికి విడిగా రేటింగ్, స్లోప్ తీసుకుని కార్డులో మరో వరుసగా అచ్చు వేయాలి, లేకపోతే హ్యాండీక్యాప్‌కు స్కోరు పంపడంలో చిక్కులొస్తాయి. కొత్త మట్టి పోయనక్కరలేదు, కొత్త గ్రీన్ కట్టనక్కరలేదు.

మా కోర్సు కమిటీకి ఈ ప్రతిపాదనను రాతపూర్వకంగా ఇచ్చాం. కార్డుల పాత నిల్వ అయిపోయాక చూద్దామన్నారు. మీరు ఆడే కోర్సులో మీ టీ నుంచి నాలుగు పార్ త్రీల దూరాలు, మీ ఫైవ్ ఐరన్ దూరం, నీళ్లు దాటాల్సినవి ఎన్నో కింద రాయండి. కోర్సు పేరు అవసరం లేదు, అంకెలు చాలు. తెల్ల టీకన్నా వెనకుండే నీలం టీ నుంచి తప్ప ఆడనని భీష్మించుకున్న మిత్రులు కూడా రాయవచ్చు, కాకపోతే ఫైవ్ ఐరన్ దూరం ఒక్కసారి ఎంత పోయిందో కాకుండా సగటున ఎంత పోతుందో రాయాలి.