చెయ్యి ఒక్కటే, జట్లు మూడు

తాలూకా, జిల్లా, డివిజన్, రాష్ట్రం. మహారాష్ట్రలో స్కూలు ఆటలకు ఇవీ మెట్లు. చంద్రపూర్, బల్లార్షా, రాజురా, వణి వైపు బొగ్గుగని కాలనీల్లో బతికే తెలుగు ఇళ్లకు ఈ మెట్ల సంగతి బాగానే తెలుసు. మెట్టు ఎక్కినకొద్దీ సర్టిఫికెట్టు విలువ పెరుగుతుంది. పది, పన్నెండు పరీక్షల్లో గ్రేస్ మార్కులకు పనికొస్తుంది. సర్కారు కొలువుల్లో ఆటగాళ్లకు 5 శాతం కోటా ఎలాగూ ఉంది. క్రికెట్‌లో ఉన్నంత తొక్కిసలాట బేస్‌బాల్‌లో లేదు కాబట్టి, విసురు బలంగా ఉన్న పిల్లాణ్ని పీటీ సార్ అటు తిప్పుతాడు, ఇంట్లోవాళ్లు సరేనంటారు. అందులో తప్పేమీ లేదు.

నా పేచీ ఆ పిల్లాడి చేతి దగ్గరే. నేను చూసిన స్కూలు మ్యాచ్‌ల్లో స్కోరు షీటు శుభ్రంగా రాస్తారు. పరుగులుంటాయి, అవుట్లుంటాయి, ఎవరు ఏ బేస్ (పరుగు తీసేవాడు తాకాల్సిన మూల) దగ్గర దొరికిపోయాడో కూడా ఉంటుంది. పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడు, ఎన్ని బంతులు విసిరాడన్నది మాత్రం ఎక్కడా కనిపించదు.

సిరొంచ నుంచి జిల్లా పోటీకి గడ్చిరోలి వెళ్లాలంటే 200 కిలోమీటర్ల పైమాటే, అదీ ఎస్టీ బస్సులో. అంత దూరం పిల్లల్ని పిలిపించాక పోటీ రోజుల తరబడి సాగదు, ఒకటి రెండు రోజుల్లో చుట్టేస్తారు. జట్టులో నమ్మకంగా స్ట్రైక్ (సరైన చోట పడే బంతి) వేసేవాడు ఒక్కడే. పొద్దున మ్యాచ్ వాడే, మధ్యాహ్నం మ్యాచ్ వాడే. మూడో మ్యాచ్‌కు అలిసిపోయాడని సార్ దయతలచి క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, కూర్చోబెడతాడు. విశ్రాంతి అనుకునే ఈ పనే అన్నిటికన్నా చేటు. వచ్చిన ప్రతి బంతినీ క్యాచర్ తిరిగి విసరాలి, దొంగతనంగా బేస్ మారేవాణ్ని ఆపాలంటే ఉన్న బలమంతా పెట్టాలి. పిచింగ్ చేసినవాణ్ని క్యాచర్‌గా వాడొద్దని అమెరికా మార్గదర్శకాలు విడిగా చెప్పింది అందుకే.

మోచేతిలో జరిగేది కాస్త వివరంగా చూడాలి. పెద్ద పిచర్లలో బంతి చేతినుంచి వెళ్లే క్షణానికి భుజం తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. ఆ ఊపులో మోచెయ్యి లోపలివైపు విచ్చుకుపోకుండా పట్టి ఉంచేది వేలెడైనా లేని ఒక లిగమెంటు, ఎముకనూ ఎముకనూ కలిపే పట్టీ. పెద్దవాళ్లలో అది పీచుపీచుగా చిరుగుతుంది. ఎదిగే పిల్లల్లో దానికన్నా ముందు, అది అతుక్కున్న చోట ఇంకా ఎముకగా గట్టిపడని గ్రోత్ ప్లేట్ దెబ్బతింటుంది. హైస్కూలు వయసు పిల్లాడిలో బలహీనమైన చోటు అదే. కండరం నొప్పయితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మోచేతి లోపలి ఎముక మొన మీద వేలు పెడితే జివ్వుమంటున్నా, పొద్దున లేచాక చెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నా, చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతున్నా అది వేరే కథ. బామ్ రాసి, నొప్పి మాత్ర వేసి మర్నాడు మళ్లీ దింపితే ఆ కథ ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్తుంది.

ఆ ఆపరేషన్ మీద ఒక భ్రమ కూడా ఉంది. 1974లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు తెగిన లిగమెంటు బదులు ముంజేతి నుంచి తీసిన టెండాన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) అమర్చారు డాక్టర్ ఫ్రాంక్ జోబ్. జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అప్పటినుంచి ఇది చేయిస్తే చెయ్యి ఇంకా గట్టిపడుతుందని నమ్మేవాళ్లు అమెరికాలోనే తయారయ్యారు. గట్టిపడేది ఏమీ లేదు, ఏడాదికి పైగా కోలుకోవడమే ఉంటుంది. 2008లో పిచర్ల కోసం పెట్టిన టీవీ పోటీలో నెగ్గి అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు వెళ్లిన మన జావెలిన్ కుర్రాడు రింకూ సింగ్ మోచేతికీ తర్వాత ఇదే ఆపరేషన్ జరిగింది. (క్రికెటర్ రింకూ కాదు.) అతని వెనక ఒక పెద్ద క్లబ్బు, దాని డాక్టర్లు ఉన్నారు. మన చంద్రపూర్ పక్క ఘుగ్గుస్ పిల్లాడి వెనక ఎవరున్నారు?

అమెరికా పిల్లల లీగుల్లో పాతరోజుల్లో ఇన్నింగ్స్ లెక్క ఉండేది. 2007లో లిటిల్ లీగ్ దాన్ని వదిలి బంతుల లెక్కకు మారింది. ఇన్నింగ్స్ అన్నీ ఒకటి కావు, ఒకటి పది బంతుల్లో ముగుస్తుంది, ఇంకోటి నలభై దాటుతుంది. 2014లో అక్కడే వచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 11-12 ఏళ్లవాళ్లకు రోజుకు 85, 13 నుంచి 16 ఏళ్ల దాకా 95 బంతులే హద్దు. ఆ తర్వాతి విశ్రాంతి ఇంకా ముఖ్యం. 15-16 ఏళ్లవాడు 30 బంతులు దాటితే కనీసం ఒక రోజు, 75 దాటితే నాలుగు రోజులు మళ్లీ పిచింగ్ చేయకూడదు. అంటే మన రెండు రోజుల జిల్లా పోటీలో ఒక్కడి మీదే ఆధారపడిన జట్టు ఈ లెక్కలో ఇమడనే ఇమడదు.

అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ 2006లో ఆపరేషన్ దాకా వెళ్లిన కుర్ర పిచర్లను ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చింది. చెయ్యి అలిసిపోయినా తరచూ విసిరినవాళ్లకు ముప్పు 36 రెట్లు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో విసిరినవాళ్లకు అయిదు రెట్లు. నన్ను అడిగితే మొదటి అంకె ఒక్కటి గుర్తుంటే చాలు. అలసట కంటికి కనబడుతుంది. బంతి మీదమీదకు పోతుంది, క్యాచర్ లేచి నిలబడి అందుకోవాల్సి వస్తుంది. మోచెయ్యి భుజం కన్నా కిందికి జారుతుంది. పిల్లాడు బంతి బంతికీ మధ్య చెయ్యి విదిలిస్తాడు, టోపీ సర్దుకుంటాడు, టైమ్ లాగుతాడు. నోటితో మాత్రం ఏమీ చెప్పడు. "గుంజుతుందా బేటా?" అని సార్ అడిగితే "లేదు సార్" అంటాడు. జట్టులోంచి పోతానన్న టెన్షన్ వాడిది. కాబట్టి అడగడం కాదు, చూడాలి, లెక్కపెట్టాలి.

ఆ లెక్క మ్యాచ్‌తో అయిపోదు. ఫ్లోరిడాలో హైస్కూలు పిచర్లను గమనిస్తే మ్యాచ్ రోజున వాళ్లు విసిరిన బంతుల్లో దాదాపు 42 శాతం వార్మప్‌వి, లెక్కలోకి రానివి. మనదగ్గర దీనికి తోడు ఇంకోటుంది. స్కూల్లో పిచర్ అయిన కుర్రాడే సాయంత్రం కాలనీ టెన్నిస్ బాల్ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్. ఆదివారం చుట్టం ఊరి జట్టుకు బౌండరీ దగ్గర ఫీల్డర్, అక్కణ్నుంచి వికెట్ల దాకా నేరుగా విసరగలడని పేరు. మూడు జట్లకు ముగ్గురు కెప్టెన్లు. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. టెన్నిస్ బంతి తేలిక కదా, దానితో ఏమవుతుందని అంటారు. బంతి తేలికైతే చెయ్యి ఇంకా జోరుగా ఊగుతుంది తప్ప మోచేతికి సెలవు దొరకదు.

జపాన్ ఈ విషయంలో మనకన్నా మొండిది. 1998 కోషియెన్ హైస్కూలు టోర్నీలో డైసుకే మత్సుజాకా ఒకే మ్యాచ్‌లో 17 ఇన్నింగ్స్, 250 బంతులు విసిరితే దేశం నీరాజనం పట్టింది. 2018లో కోసెయ్ యోషిదా అదే టోర్నీలో మొత్తం 881 విసిరాక చర్చ ముదిరింది. 2020 నుంచి వారానికి 500 అని హద్దు పెట్టారు. ఆ 500 కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

బంతులు లెక్కపెడితే గండం గట్టెక్కినట్టేనా అంటే కాదు. లెక్కలన్నీ ఉన్న అమెరికాలోనే మోచేతి ఆపరేషన్లు పెరిగాయి. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ తన నివేదికలో వేగం పిచ్చినీ, ప్రతి బంతినీ పూర్తి బలంతో విసిరే అలవాటునూ ప్రధానంగా వేలెత్తి చూపింది. మన కుర్రాళ్లూ ఫోన్లో ఆ వేగమే చూస్తున్నారు. అయినా లెక్క అనేది అట్టడుగు మెట్టు. అది కూడా లేనిచోట వేగం గురించి ఉపన్యాసమిచ్చి లాభం లేదు.

జిల్లా క్రీడా కార్యాలయం స్కోరు షీటులో ఒక గడి పెంచి, హద్దు దాటిన పిచర్‌ను అంపైర్ దింపేలా చేస్తే పైసా ఖర్చు లేదు. కోచ్‌లు మాత్రం రుసరుసలాడతారు, రెండో పిచర్‌ను, మూడో పిచర్‌ను తయారు చేసుకోక తప్పదు కనక. ఆ రుసరుస నాకు ఇష్టమే. ఈలోగా ఇంటివాళ్లే లెక్కపెట్టాలి. గుళ్ల ముందు జపానికి వేలికి తొడుక్కునే కౌంటర్లు అమ్ముతారు, తల్లి దాన్ని పెట్టుకుని గట్టు మీద కూర్చుంటే చాలు. మూడు జట్ల లెక్కా ఆమె ఒక్క పుస్తకంలోనే రాసుకోవాలి.

ఏడాదికి నాలుగు నెలలు పిచింగ్ మానాలి, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా ఏ విసురూ ఉండకూడదు అంటుంది పిచ్ స్మార్ట్. చంద్రపూర్ ఎండలకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎలాగూ స్కూలు ఆటలుండవు. కానీ సెలవుల్లోనే రాత్రిపూట లైట్ల కింద టెన్నిస్ బాల్ టోర్నీలు జోరుగా సాగేది. కుర్రాడు వాటిలో ఆడాలనుకుంటే బ్యాటింగ్ చేసుకోవచ్చు. బౌలింగ్‌కు మాత్రం, ఎంత బతిమాలినా, కెప్టెన్ వేరే వాణ్ని వెతుక్కోవాలి.