ఐస్ బాక్స్ అక్కర్లేదు సరే, తేమ సంగతో?
ఎండిన రక్తపు చుక్కల కార్డుకి (పరీక్ష కోసం రక్తపు చుక్కలు వేసి, ఆరబెట్టి ల్యాబుకి పంపే దళసరి కాగితం) ఐస్ బాక్స్ అక్కర్లేదు కాబట్టి మారుమూల ఊళ్లకి ఇదే సరైన పద్ధతి అని ఈ కార్డుల మీద వచ్చిన వ్యాసంలో రాశారు. సగం ఒప్పుకుంటాను. మాది ఒడిశాలో రాయగడ వైపు. కొండ మీది పల్లె నుంచి ట్యూబులో రక్తం చల్లగా కిందికి చేర్చడం ఎంత కష్టమో చూశాం. కార్డయితే కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. కానీ చుక్క వేయగానే పని అయిపోదు, ఎండ తగలకుండా కనీసం 3, 4 గంటలు ఆరనివ్వాలి. శ్రావణంలో మా దగ్గర ఆరేసిన తువ్వాలే రెండు రోజులకి ఆరదు. 1960లలో రాబర్ట్ గుత్రీ అనే శాస్త్రవేత్త ఈ కార్డులతో పసిపిల్లలకి పరీక్షలు మొదలుపెట్టిన అమెరికాలో మన ముసురు ఉండదు కదా! ఆరడం ఒక్కటే కాదు, చుక్క వేయడం కూడా తెలియాలి. మా అక్క మనవరాలికి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పరీక్షకని మడమ దగ్గర గుచ్చి తీసిన కార్డు పనికిరాదని వెనక్కొచ్చింది. కార్డు మీద గీసి ఉన్న వలయం నిండలేదని అదే చుక్క మీద ఇంకో చుక్క వేశారట. పసిదాన్ని మళ్లీ గుచ్చారు. ఆ ఏడుపు విన్నాక మా అక్క ఆ నర్సమ్మతో వారం రోజులు మాట్లాడలేదు. కార్డుతో పాటు తేమ పీల్చే గింజల పొట్లం (కొత్త బూట్ల డబ్బాలో వస్తుందే, అలాంటిదే) కూడా పెట్టాలి. దాని ఊసే వ్యాసంలో లేదు.